వెలివేసిన మంత్రి... ఇద్దరు రాణుల తాత

రాజు హద్దు మీరితే రాజును నిలదీశాడు. పార్లమెంటు హద్దు మీరిందనిపిస్తే రాజు పక్షాన చేరాడు. అందుకు రెండుసార్లు దేశం విడిచిపోవాల్సి వచ్చింది. పదిహేడో శతాబ్దపు ఇంగ్లండ్‌లో మామూలు వకీలుగా మొదలై, రాజ్యాన్నే నడిపించి, చివరికి పరాయిగడ్డ మీద కన్నుమూసిన ఎడ్వర్డ్ హైడ్ కథ ఇది. క్లారెండన్ ప్రభువుగా చరిత్రకెక్కిన ఆయన కుటుంబం కథ కూడా ఇదే.

1660 సెప్టెంబరు 3. లండన్ స్ట్రాండ్ వీధిలోని వోర్స్టర్ హౌస్ అనే భవంతిలో, ఊరంతా నిద్రపోయాక గుట్టుగా ఒక పెళ్లి జరిగింది. వరుడు ఇంగ్లండ్ రాజు రెండో చార్లెస్‌కు సొంత తమ్ముడు, యార్క్ డ్యూక్ జేమ్స్. అన్నకు పిల్లలు పుట్టకపోతే సింహాసనం అతనిదే. వధువు పేరు ఆన్ హైడ్. ఇరవై మూడేళ్ల అమ్మాయి. ఆమెది రాజవంశం కాదు, తరతరాల ప్రభువుల కుటుంబమూ కాదు. అప్పటికే ఆమె నిండు చూలాలు. పెళ్లి జరిగిన ఇంట్లో ఉంటున్నది ఆమె తండ్రే. ఆయనకు మాత్రం ఆ సంగతి తెలియదు.

ఆ తండ్రే ఎడ్వర్డ్ హైడ్. అప్పటికి ఇంగ్లండ్ లార్డ్ చాన్సలర్. అంటే న్యాయవ్యవస్థకు పెద్ద, రాజముద్రకు కావలిదారు, రాజు తరఫున పాలన నడిపే ముఖ్యమంత్రి. రాజుగారి తమ్ముడు అల్లుడయ్యాడంటే మరొకరైతే పొంగిపోయేవారు. హైడ్ మండిపడ్డాడు. కూతుర్ని లండన్ టవర్ కోటలో బంధించమన్నాడు. పార్లమెంటులో చట్టం చేసి ఆమె తల తీయించాలనీ, ఆ ప్రతిపాదన మొట్టమొదట తానే చేస్తాననీ తోటి మంత్రుల ముందే అన్నాడు. ఇవి గిట్టనివాళ్లు పుట్టించిన మాటలు కావు. తన జీవితకథలో ఆయనే దాచకుండా రాసుకున్నాడు.

కన్నకూతురి గురించి అంత కఠినంగా మాట్లాడించింది భయం. మామూలు వకీలుగా మొదలైనవాడు మంత్రి అయ్యాడనే దర్బారులో చాలామందికి కంటగింపుగా ఉంది. ఇప్పుడు, సింహాసనం మీద తన మనవల్ని కూర్చోబెట్టడానికే కూతుర్ని ఎరగా వేశాడని అంటారు. హైడ్‌కు అది ఆ క్షణమే అర్థమైంది. ఏడేళ్ల తర్వాత జనం అచ్చంగా అదే అన్నారు. ఆయన చనిపోయిన కొన్నేళ్లకు ఇద్దరు మనవరాళ్లు నిజంగానే సింహాసనం ఎక్కారు.

పొలం గట్టున తండ్రి మాట

హైడ్ 1609 ఫిబ్రవరి 18న విల్ట్‌షైర్‌లోని డింటన్ అనే పల్లెలో పుట్టాడు. తండ్రి హెన్రీ హైడ్ తిండికీ గుడ్డకూ లోటులేని భూవసతి గల రైతుపెద్ద. ఎడ్వర్డ్ మూడో కొడుకు కాబట్టి ఆస్తి వచ్చే దారి లేదు. ఆక్స్‌ఫర్డ్‌లోని మాగ్డలెన్ హాల్‌లో చదివించి మతగురువును చేద్దామనుకున్నారు. అన్నలిద్దరూ ఒకరి తర్వాత ఒకరు పోవడంతో వారసత్వం ఇతనికి దక్కింది. బాబాయి సర్ నికొలస్ హైడ్ పెద్ద న్యాయమూర్తి. ఆయన అండతో లండన్ మిడిల్ టెంపుల్‌లో చేరి వకీలు అయ్యాడు.

1632లో ఆన్ ఐలిఫ్‌ను పెళ్లాడాడు. ఆరు నెలలు నిండకుండానే ఆమె మశూచితో చనిపోయింది. రెండేళ్లకు ఫ్రాన్సెస్ ఐల్స్‌బరీని చేసుకున్నాడు. ఆమె తండ్రి సర్ థామస్ ఐల్స్‌బరీ రాజుగారి టంకశాల అధికారి. ఆ పెళ్లి హైడ్‌కు దర్బారు తలుపు తెరిచింది. యుద్ధం, ప్రవాసం, పదవి అన్నింట్లో ఫ్రాన్సెస్ ఆయన వెంట ముప్పై మూడేళ్లు నిలిచింది. హెన్రీ, లారెన్స్, ఎడ్వర్డ్, జేమ్స్ అని నలుగురు కొడుకులు, ఆన్, ఫ్రాన్సెస్ అని ఇద్దరు కూతుళ్లు బతికి పెద్దవాళ్లయ్యారు.

హైడ్ తండ్రి గురించి బిషప్ గిల్బర్ట్ బర్నెట్ ఒక సంగతి రాశాడు. కొడుకు వకీలుగా పేరు తెచ్చుకుంటున్న రోజుల్లో తండ్రీకొడుకులు పొలాల్లో నడుస్తున్నారట. వకీళ్లు పైకి రావడం కోసం చట్టాన్ని సాగదీసి రాజుకు అధికారం కట్టబెడుతుంటారనీ, సొంత లాభం కోసం దేశం స్వేచ్ఛను ఎప్పుడూ బలిపెట్టవద్దనీ తండ్రి హెచ్చరించాడట. ఆ మాట అన్న కాసేపటికే కుప్పకూలి, కొద్ది గంటల్లో ప్రాణం విడిచాడని బర్నెట్ కథనం. హైడ్ జీవితాన్ని తూచడానికి ఆ మాటకు మించిన తూనిక లేదు. కొన్నిసార్లు ఆయన దానికి కట్టుబడ్డాడు, కొన్నిసార్లు తప్పాడు.

ఇటు రాజు, అటు సభ

1640లో హైడ్ పార్లమెంటు సభ్యుడయ్యాడు. అంతకు ముందు పదకొండేళ్లు మొదటి చార్లెస్ పార్లమెంటును పిలవకుండానే పాలించాడు. సభ ఆమోదం లేకుండా ‘నౌకా పన్ను’ వసూలు చేశాడు. రాజుకు వంతపాడిన జడ్జీలు అది చట్టబద్ధమే అన్నారు. హైడ్ కామన్స్ సభలో లేచి ఆ జడ్జీల మీదే ధ్వజమెత్తాడు. రాజు ఇష్టారాజ్యంగా నడిపిన ప్రత్యేక న్యాయస్థానాలను ఎత్తేయించడానికి గట్టిగా పాటుపడ్డాడు.

ఏడాదిన్నర తిరిగేసరికి ఆయన అవతలి పక్షంలో కనిపించాడు. మారింది తాను కాదని, సభ అని ఆయన వాదన. రాజు తప్పుల చిట్టాను ‘మహా నివేదన’గా 1641 నవంబరులో, రాజు వ్యతిరేకులకు నాయకుడైన జాన్ పిమ్ వర్గం సభ ముందు పెట్టింది. 159 మంది అవునన్నారు, 148 మంది కాదన్నారు. హైడ్ కాదన్నవాళ్లలో ఒకడు. అన్యాయపు పన్నులూ న్యాయస్థానాలూ పోయాయి, ఇక సైన్యాన్నీ చర్చినీ మంత్రుల నియామకాన్నీ సభ తన గుప్పిట్లోకి లాక్కోవడం కూడా చట్టం కాదు అన్నది ఆయన పట్టుదల. ఆ తర్వాత రాజు ప్రకటనల్లో చాలావాటిని రహస్యంగా రాసింది హైడే. వాటిలోని భాష రాజుగారిది కాదు, వకీలుది. రాజు చట్టానికి లోబడే పాలిస్తాడు అని పదేపదే చెప్పించాడు.

1642లో అంతర్యుద్ధం మొదలైంది. మరుసటి ఏడాది హైడ్ రాజుగారి ఖజానా చాన్సలర్ అయ్యాడు. అదే ఏడాది సెప్టెంబరులో న్యూబరీ యుద్ధంలో ఆయన ప్రాణమిత్రుడు లూషియస్ కేరీ, ఫాక్లండ్ ప్రభువు చనిపోయాడు. ఒకప్పుడు గ్రేట్ ట్యూ అనే పల్లెలో ఫాక్లండ్ ఇంట్లో పండితులు, కవులు, మతగురువులు చేరి అన్ని విషయాలూ నిర్భయంగా చర్చించుకునేవారు. హైడ్ తన చరిత్ర గ్రంథంలో మిత్రుడి గురించి రాసిన పుటలు ఆంగ్ల వచనంలో అత్యుత్తమమైన వాటిలో ఒకటిగా నేటికీ లెక్కకొస్తాయి.

కట్టెలకూ కరవే

1646 నాటికి రాజు ఓడిపోయాడు. పదిహేనేళ్ల యువరాజును వెంటబెట్టుకుని హైడ్ సముద్రంలోని సిల్లీ దీవులకు పారిపోయాడు. అక్కడ మార్చి 18న కలం పట్టి ‘ఇంగ్లండ్ తిరుగుబాటు, అంతర్యుద్ధాల చరిత్ర’ మొదలుపెట్టాడు. ఆ తర్వాత జెర్సీ దీవికి చేరి రెండేళ్లు అక్కడే రాశాడు. ఎందుకు ఓడిపోయామో, ఎవరెక్కడ తప్పారో ముందు తరాలకు చెప్పాలన్నది ఆయన తపన. ఆ లెక్కలో సొంత పక్షాన్నీ వదలలేదు.

1649 జనవరి 30న మొదటి చార్లెస్ తల నరికారు. హైడ్ కొత్త రాజు తరఫున సాయం అడగడానికి రాయబారిగా మాడ్రిడ్ వెళ్లాడు, వట్టి చేతులతో తిరిగొచ్చాడు. పారిస్‌లో గడిపిన రోజుల్లో ఒంటి మీదకు సరైన బట్టలూ, పొయ్యిలోకి కట్టెలూ కొనుక్కోలేక చలికి వణుకుతున్నానని మిత్రులకు ఉత్తరాలు రాశాడు. భార్యాపిల్లలు దూరాన ఆంట్‌వర్ప్‌లో ఉండేవారు. రాజుగారి అక్కాచెల్లెళ్లలో పెద్దదైన ఆరెంజ్ రాకుమారి మేరీ జాలిపడి వాళ్లకు బ్రెడాలో ఇల్లిచ్చింది. ఆన్‌ను తన చెలికత్తెగా చేర్చుకుంది. రాకుమారితో పాటు పారిస్ వెళ్లినప్పుడే ఆన్ జేమ్స్ కళ్లలో పడింది.

రాజు పోయాక దేశాన్ని ఏలిన సేనాని క్రామ్‌వెల్ 1658లో పోయాడు. దేశం గందరగోళంలో పడింది. 1660 ఏప్రిల్ 4న రెండో చార్లెస్ బ్రెడా నుంచి ఒక ప్రకటన వెలువరించాడు. క్షమాభిక్ష, భూముల తగాదాల పరిష్కారం, సైనికుల బకాయి జీతాలు, మతవిశ్వాసాల పట్ల సహనం అందులోని హామీలు. వాటి అమలు పార్లమెంటుకు వదిలాడు. ముఖ్యంగా దాన్ని రూపొందించిన బుర్ర హైడ్‌దే. మే 29న, తన ముప్పయ్యో పుట్టినరోజున, చార్లెస్ లండన్‌లో అడుగుపెట్టాడు. ఒక్క తుపాకీ పేలకుండా రాజ్యం తిరిగి వచ్చింది.

పదవి వెలుగు, చట్టం నీడ

ఆన్ పెళ్లి రచ్చకెక్కినప్పుడు జేమ్స్ మిత్రులు కొందరు ఆమె శీలం మంచిది కాదని అబద్ధాలు పుట్టించారు. వాళ్లలో చార్లెస్ బర్క్‌లీ తర్వాత తన మాట అబద్ధమని ఒప్పుకున్నాడు. రాజమాత హెన్రియెట్టా మారియా ఈ సంబంధాన్ని తెంచేయడానికి ఫ్రాన్స్ నుంచి బయల్దేరి వచ్చింది. రాజు మాత్రం మంత్రి పక్షాన నిలిచి పెళ్లి చెల్లుతుందన్నాడు. హైడ్‌ను ప్రభువును చేశాడు. 1661లో ఎర్ల్ ఆఫ్ క్లారెండన్ బిరుదిచ్చాడు.

ఏడేళ్లు ఆయనే రాజ్యానికి చుక్కాని. గెలిచినవాళ్లు పగ తీర్చుకోవాలని ఉరకలేస్తుంటే, కొద్దిమందిని మినహాయించి మిగతా అందర్నీ మన్నించే చట్టానికి ఆయన కొమ్ముకాశాడు. యుద్ధంలో ఆస్తులు పోగొట్టుకున్న రాజభక్తులకే అది మింగుడుపడలేదు. అంతర్యుద్ధం తర్వాత నెత్తుటి వరదలు పారకపోవడంలో క్లారెండన్ వాటా పెద్దది. ఆయన చేసిన మేలన్నింటిలో ఇదే గొప్పది.

మతం దగ్గర కథ వేరు. 1661 నుంచి 1665 లోపు వచ్చిన నాలుగు చట్టాలు అధికారిక చర్చికి తలవంచని ప్రొటెస్టంట్లను ఊళ్ల పాలకవర్గాల నుంచి, చర్చిల నుంచి వెళ్లగొట్టాయి. ఇంటివాళ్లు కాక ఐదుగురు, అంతకు మించి చేరి ప్రార్థన చేసుకుంటే నేరం. పదవి పోయిన పాదిరి తాను పనిచేసిన ఊరికి ఐదు మైళ్ల దూరంలోకి రాకూడదు. దాదాపు 2,000 మంది మతబోధకులు బతుకుతెరువు కోల్పోయారు. చరిత్రకారులు వీటికి ‘క్లారెండన్ కోడ్’ అని పేరుపెట్టారు. నిజానికి ఆ కాఠిన్యం ఆయన బుర్రలో పుట్టింది కాదు, పగతో రగిలిన పార్లమెంటుది. మొదట్లో ఆయన కొంత మెత్తని దారే వెతికాడు. అయినా చట్టాలు వచ్చాక వాటిని సమర్థించి అమలు చేశాడు కాబట్టి ఆ మచ్చ ఆయనకు అంటుకోవడం అన్యాయం కాదు. బ్రెడాలో సహనానికి హామీ రాసిన చేయి కూడా ఆయనదేగా!

మన నేలకూ ఆ ఏళ్లతో ముడి ఉంది. 1661 ఏప్రిల్‌లో రెండో చార్లెస్ ఈస్టిండియా కంపెనీకి కొత్త చార్టర్ ఇచ్చాడు. క్రైస్తవేతర రాజులతో యుద్ధం, సంధి చేసుకునే అధికారం, తన కోటల్లో తీర్పులు చెప్పే అధికారం దాని ద్వారా కంపెనీకి దక్కాయి. అప్పటికి మచిలీపట్నంలో కంపెనీ కోఠీ పెట్టి యాభై ఏళ్లయింది, గోల్కొండలో అబ్దుల్లా కుతుబ్ షా ఏలుబడి. ఆ చార్టర్ నాటికి ఇంగ్లండ్ రాజముద్ర ఉన్నది క్లారెండన్ దగ్గరే. రాజుకూ పోర్చుగల్ రాకుమారి కేథరిన్‌కూ పెళ్లి కుదిర్చిన మంతనాల్లోనూ ఆయన ఉన్నాడు. ఆ కట్నంలో టాంజియర్‌తో పాటు బొంబాయి కూడా ఇంగ్లండ్‌కు వచ్చింది. 1668లో రాజు దాన్ని ఏడాదికి పది పౌండ్ల అద్దెకు కంపెనీకి అప్పగించాడు.

అన్నింటికీ ఒక్కడే దోషి

1662లో ఇంగ్లండ్ డంకర్క్ రేవును ఫ్రాన్స్ రాజు పద్నాలుగో లూయీకి 50 లక్షల లివర్లకు అమ్మేసింది. అక్కడ సైన్యాన్ని పోషించే స్తోమత ఖజానాకు లేదు. జనానికి మాత్రం అది దేశం పరువు అమ్ముకోవడమే అనిపించింది. రెండేళ్లకు క్లారెండన్ పికడిల్లీలో రోజర్ ప్రాట్ అనే వాస్తుశిల్పితో మహా భవనం మొదలుపెట్టించాడు. 1665లో ప్లేగు లండన్‌ను ఊడ్చేసింది. అధికారిక లెక్కలోనే ఆ రోగంతో 68,596 చావులు. 1666లో అగ్నిప్రమాదం 13,200 ఇళ్లను, 87 చర్చిలను బూడిద చేసింది. ఊరు కాలిపోయి జనం గుడారాల్లో ఉంటే మంత్రి ఇల్లు మాత్రం ఎత్తుకు ఎత్తు లేస్తోంది. దానికి ‘డంకర్క్ హౌస్’ అని పేరుపెట్టారు. ఆ ఇంటి ఆడంబరం తన తప్పిదమేనని క్లారెండనే తర్వాత ఒప్పుకున్నాడు.

1667 జూన్‌లో డచ్ నౌకలు మెడ్వే నదిలోకి చొరబడ్డాయి. ఇంగ్లండ్ యుద్ధనౌకల్ని తగలబెట్టి, ‘రాయల్ చార్లెస్’ అనే ఓడను లాక్కుపోయాయి. 1660లో రాజును స్వదేశానికి తెచ్చిన ఓడ అదే. డచ్‌వారితో యుద్ధం వద్దని మొదటి నుంచీ అన్న మంత్రి క్లారెండనే. అయినా గుంపు వచ్చింది ఆయన ఇంటి మీదికే. కిటికీలు పగలగొట్టి, చెట్లు నరికి, తలుపు మీద ఉరికొయ్య బొమ్మ గీసి వెళ్లారు. రాణి కేథరిన్‌కు పిల్లలు కలగకపోవడం కూడా ఆయన కుట్రేనన్నారు. మనవల కోసం గొడ్రాలిని తెచ్చి రాజుకు కట్టబెట్టాడని నోటికొచ్చినట్టు పాడారు. నౌకాదళ అధికారి శామ్యూల్ పెపిస్ ఆ బొమ్మనూ, దాడినీ తన డైరీకి ఎక్కించాడు.

రాజుకూ ఆయన మీద విసుగు పుట్టింది. తెల్లవారి లేస్తే నీతులు, ఖర్చు తగ్గించుకోమని హితవులు! రాజు ప్రియురాలు బార్బరా విలియర్స్‌ను గౌరవించనని మొండికేసిన మంత్రి మీద ఆమె వర్గం కత్తి నూరుతూనే ఉంది. ఆగస్టు మొదట్లో భార్య ఫ్రాన్సెస్ చనిపోయింది. మూడు వారాలకే, 30వ తేదీన, రాజు దూతను పంపి రాజముద్ర వెనక్కి తెప్పించుకున్నాడు.

కామన్స్ సభ రాజద్రోహం మోపి 17 అభియోగాలు రాసింది. వాటిలో చాలావరకు గాలి పోగేసినవే. ఒకటి మాత్రం నిజంగా బరువైనది: న్యాయస్థానాల ఉత్తర్వు అందకుండా ఖైదీలను దూరదీవుల కోటలకు పంపించాడన్నది. అక్రమ నిర్బంధాన్ని ఎదిరించి పైకొచ్చిన వకీలే ఆ పని చేయడం, తండ్రి హెచ్చరించిన పొరపాటుకు సరిగ్గా ఉదాహరణ. 1679 నాటి హెబియస్ కార్పస్ చట్టం ఖైదీలను అలా సముద్రాలు దాటించడాన్ని నిషేధించింది. నవంబరు 29 రాత్రి, రాజు సైగ మేరకు, కీళ్లవాతంతో కుంటుతూ క్లారెండన్ ఫ్రాన్స్‌కు ఓడెక్కాడు. డిసెంబరులో పార్లమెంటు ఆయన్ని జీవితాంతం దేశం నుంచి వెలివేస్తూ చట్టం చేసింది.

రెండో ప్రవాసం

1668 ఏప్రిల్‌లో ఎవ్రో పట్టణంలోని సత్రంలో ఫ్రాన్స్ కొలువులోని ఇంగ్లిష్ నావికులు తలుపులు బద్దలుకొట్టి ఆయన్ని చావగొట్టారు. తమ జీతాల బకాయిలు ఎగ్గొట్టాడన్నది వాళ్ల కోపం. ప్రాణాలతో బయటపడి మోంపెలియే చేరాడు. అక్కడే, చేతిలో పాత కాగితాలు లేకుండా, జ్ఞాపకం మీదే తన జీవితకథ రాశాడు. 1671లో కొడుకు లారెన్స్ సిల్లీ, జెర్సీ దీవుల్లో రాసిన పాత రాతప్రతులు పట్టుకుని తండ్రి దగ్గరకొచ్చాడు. క్లారెండన్ రెంటినీ కలిపి చరిత్రను పూర్తిచేశాడు. ఒక భాగం ముప్పై ఏడేళ్లవాడి రాత, మరొకటి అరవై దాటినవాడి రాత. జ్ఞాపకం మీద రాసినచోట తేదీలు తప్పాయి, మనుషుల పోలికలు మాత్రం మరింత పదునెక్కాయి. తన రాజును చంపించిన క్రామ్‌వెల్‌ను దుర్మార్గుడన్నాడు, ఆ నోటితోనే అతని ధైర్యాన్నీ దక్షతనూ ఒప్పుకున్నాడు.

ఆ ఏడాదే ఆన్ పోయింది, 34 ఏళ్లకే. రహస్యంగా కేథలిక్ మతం పుచ్చుకుందని తెలిసి తండ్రి ఆమెకూ అల్లుడికీ బాధతో ఉత్తరాలు రాశాడు. ఎనిమిది మంది పిల్లల్లో మేరీ, ఆన్ అనే ఇద్దరు ఆడపిల్లలే నిలిచారు. స్వదేశంలో, పిల్లల మధ్య చనిపోనివ్వమని క్లారెండన్ రాజును వేడుకున్నాడు. జవాబు రాలేదు. 1674 డిసెంబరు 9న రూవాన్‌లో కన్నుమూశాడు. మరుసటి నెల వెస్ట్‌మిన్‌స్టర్ అబేలో ఖననం చేశారు.

రెండు ముక్కలైన ఇల్లు

1685లో జేమ్స్ రాజయ్యాడు. బావమరుదులిద్దరికీ పెద్ద కొలువులు దొరికాయి. హెన్రీకి ఐర్లండ్, లారెన్స్‌కు ఖజానా. మరో బావమరిది జేమ్స్ హైడ్ 1682లోనే ‘గ్లోస్టర్’ ఓడ మునిగినప్పుడు చనిపోయాడు. అదే ఓడలో ఉన్న బావ బతికి బయటపడ్డాడు. కొలువులు ఎక్కువకాలం నిలవలేదు. కేథలిక్ మతంలోకి మారితేనే ఖజానా ఉంటుందని జేమ్స్ పట్టుబట్టాడు. లారెన్స్ మారనన్నాడు, పదవి పోయింది. కాస్త అటూఇటుగా హెన్రీకీ అదే గతి.

1688 నవంబరులో ఆరెంజ్ రాకుమారుడు విలియం సైన్యంతో దిగాడు. అతను పెద్దమనవరాలు మేరీకి భర్త. సొంత మామ మీదికే వచ్చాడు. రాజును విడిచి అతని వైపు దూకిన తొలి అధికారుల్లో హెన్రీ కొడుకు కార్న్‌బరీ ఒకడు. కొడుకు ద్రోహి అయ్యాడని హెన్రీ డైరీలో కుమిలిపోయాడు, కొద్ది వారాలకే తానూ విలియం శిబిరానికి వెళ్లాడు. చిన్న మనవరాలు ఆన్ ఒక రాత్రి వెనకమెట్ల దారిన రాజభవనం వదిలి వెళ్లిపోయింది. కూతుళ్లిద్దరూ తనను విడిచారన్న దుఃఖంతో జేమ్స్ ఫ్రాన్స్‌కు పారిపోయాడు.

1689లో రెండో మేరీ, విలియం జంటగా సింహాసనం ఎక్కారు. జేమ్స్ బతికుండగా మరొకరికి విధేయత ప్రమాణం చేయనని హెన్రీ తెగేసి చెప్పాడు. 1690లో మేనకోడలి పాలనలోనే మేనమామ టవర్ కోటలో ఖైదీ అయ్యాడు. మేరీ 1694లో మశూచితో పోయింది. 1702లో ఆన్ రాణి అయింది. ఆమె హయాంలోనే 1707లో ఇంగ్లండ్, స్కాట్లండ్ కలిసి గ్రేట్ బ్రిటన్ ఏర్పడింది. రచయితకు తన పుస్తకంపై హక్కు కల్పించిన 1710 కాపీరైటు చట్టానికి కూడా ఆమె పేరే ఉంది. పదిహేడుసార్లు గర్భం దాల్చినా ఆమెకు బిడ్డ దక్కలేదు. 1714లో ఆమెతోనే క్లారెండన్ రక్తం సింహాసనం మీద ఆగిపోయింది.

భవనం నుంచి ముద్రణాలయం దాకా

పికడిల్లీ భవనాన్ని 1675లో వారసులు అమ్మేశారు. 1683లో దాన్ని కూల్చి ఆ స్థలంలో వీధులు వేశారు. ఖరీదైన దుకాణాలకు పేరుమోసిన బాండ్ స్ట్రీట్ అలా మొదలైందే.

చరిత్ర గ్రంథం 1702 నుంచి 1704 వరకు ఆక్స్‌ఫర్డ్‌లో మూడు పెద్ద సంపుటాలుగా వెలువడింది. లారెన్స్ ముందుమాట రాసి, చివరి రెండు సంపుటాలను మేనకోడలు ఆన్ రాణికి అంకితమిచ్చాడు. తాత ఓడిన రాజులకు నేర్పబోయిన పాఠాన్ని మనవరాలికి గుర్తుచేయడమే అతని ఉద్దేశం. అమ్మకాల లాభంలో కొంత పెట్టి విశ్వవిద్యాలయం ముద్రణాలయానికి భవనం కట్టించింది. నికొలస్ హాక్స్‌మూర్ రూపకల్పన చేసిన ఆ క్లారెండన్ బిల్డింగ్ ఆక్స్‌ఫర్డ్ బ్రాడ్ స్ట్రీట్‌లో ఇప్పటికీ ఉంది. క్లారెండన్ ముని మనవడు వదిలివెళ్లిన నిధితో పందొమ్మిదో శతాబ్దంలో క్లారెండన్ భౌతికశాస్త్ర ప్రయోగశాల వెలిసింది.

1830 ప్రాంతంలో అచ్చుయంత్రాలు వాల్టన్ స్ట్రీట్‌కు మారినా క్లారెండన్ ప్రెస్ అనే పేరు మారలేదు. మాక్స్ ముల్లర్ సంపాదకత్వంలో 50 సంపుటాల ‘ప్రాచ్య పవిత్ర గ్రంథాలు’ ఆ పేరుతోనే వచ్చాయి. వాటిలో రెండోది, 1879 నాటిది, జార్జ్ బ్యూలర్ అనువదించిన ఆపస్తంబ, గౌతమ ధర్మసూత్రాలు. ఆపస్తంబుడి శాఖ దక్షిణాదిదనీ, దాని మూలాలు ఆంధ్రదేశంలో ఉన్నాయనీ బ్యూలర్ ఆ సంపుటం పీఠికలోనే వాదించాడు. తెలుగునాట ఎన్నో ఇళ్లలో నేటికీ పెళ్లిళ్లూ ఉపనయనాలూ నడిపే సూత్రం ఆ ఆపస్తంబుడిదే.